చారెడు నీడ, బారెడు నష్టం: సోలార్ ప్యానెల్ మీద నీడ, మబ్బు, ఎండ

ఇదిగో, ఈ ప్యానెల్‌ని దగ్గరగా చూడండి. 60 సెల్స్ ఉన్న పాత రకం, నిలువుగా నిలబెట్టాను. అడ్డంగా ఆరు గళ్ళు, నిలువుగా పది. అన్నీ సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదాని వెనక ఒకటి, ఉన్నాయి కాబట్టి అన్నిట్లోనూ ఒకే కరెంటు పారాలి. ఒక్క సెల్ మీద నీడ పడితే చాలు, మిగతావి ఎంత ఎండలో ఉన్నా దాని దగ్గరకొచ్చి ఆగిపోతాయి, పైగా ఆ ఒక్కటే వేడెక్కి మాడిపోయే ప్రమాదం కూడా ఉంది. దాన్నే హాట్‌స్పాట్ అంటారు.

అలా జరక్కుండా వెనక జంక్షన్ బాక్సులో మూడు బైపాస్ డయోడ్లు పెడతారు. ఒక్కోటీ రెండు నిలువు వరసల్ని, అంటే 20 సెల్స్‌ని చూసుకుంటుంది. నీడ పడ్డ గ్రూపుని వదిలేసి కరెంటుని పక్క దారిన పంపిస్తుంది.

ఇప్పుడు అట్టముక్కతో ఎడమ పక్క నిలువు వరస మొత్తం మూసేస్తున్నా. పది సెల్స్ పోయాయి. యాప్‌లో వాట్స్ చూడండి, సుమారు మూడో వంతు తగ్గింది, అంతే. అదే అట్టని అడ్డంగా తిప్పి అట్టడుగు వరస మీద పెడుతున్నా. ఈసారి మూసింది ఆరు సెల్సే. చూశారా, దాదాపు సున్నా! ఎందుకంటే ఆ వరసలో మూడు గ్రూపుల సెల్సూ ఉన్నాయి, మూడూ ఒకేసారి పడుకున్నాయి. పిట్టగోడ నీడ, ముందు వరస ప్యానెళ్ళ నీడ, అంచున పేరుకునే దుమ్ము, అన్నీ వచ్చి పడేది సరిగ్గా అక్కడే. అలాంటి చోట ఈ రకం ప్యానెల్‌ని అడ్డంగా బిగించడం మేలు. సెల్స్‌ని సగానికి కోసి చేసే హాఫ్‌కట్ ప్యానెల్ అయితే పై సగం, కింది సగం ప్యారలల్‌లో, అంటే దేని దారి దానిదిగా, ఉంటాయి కాబట్టి నిలువుగా పెట్టినా సగం మిగులుతుంది.

మబ్బుకి ఇంత టెన్షన్ అక్కర్లేదు. అన్ని సెల్స్ మీదా వెలుతురు ఒకేలా తగ్గుతుంది. బాగా దట్టంగా కమ్మితే పూర్తి ఎండలో వచ్చేదాంట్లో 10 నుంచి 25 శాతమే రావచ్చు, కానీ ఆగిపోదు. విడివిడి మబ్బులున్న రోజైతే, మబ్బు అంచు నుంచి కూడా వెలుతురు తోడై కొన్ని క్షణాలు మామూలు ఎండలో కంటే ఎక్కువే వస్తుంది.

ఇక ఎండ. ప్యానెల్ వెనక లేబుల్ మీద రాసే వాట్స్ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మండే ఎండలో సెల్ వేడి 65 డిగ్రీల దాకా పోతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున వాట్స్ తగ్గుతూ వస్తే 14 శాతం అక్కడే హుష్‌కాకి. అందుకే చల్లగా, గాలి వీస్తూ, ఆకాశం తేటగా ఉన్న మధ్యాహ్నమే మీటరు బాగా పైకి పోతుంది.

చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు, నీడలు బారుగా సాగుతాయి. అందుకే ప్యానెళ్ళు బిగించే ముందు ఆ రోజుల్లో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా నీడ ఎక్కడ పడుతుందో లెక్క చూసుకోండి. ఎలాగూ తప్పని నీడైతే, ఒక్కో ప్యానెల్‌నీ విడిగా పనిచేయించే ఆప్టిమైజర్లు గానీ మైక్రో ఇన్వర్టర్లు గానీ పెట్టుకోవచ్చు. చెట్టుకొమ్మ నీడైతే మాత్రం ముందు కత్తి తీసుకోండి, అదే చవక.