స్పానిష్ యాప్ మా అమ్మ వయసు ఏం చేసిందంటే...

నమస్తే అండీ. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఇది బెంగళూరు మారతహళ్లి, టైమ్ సాయంత్రం ఆరున్నర. ముందే చెప్పేస్తున్నా, ఈ యాప్ వాళ్లు నాకు మూడు నెలల ప్రీమియం ఫ్రీగా ఇచ్చారు. డబ్బులు మాత్రం తీసుకోలేదు. ఎన్ని పాఠాలున్నాయి, నెలకెంత, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే చానళ్లలో చూసేసుంటారు. ఆ జోలికి పోను.

మా చెల్లెలు మాడ్రిడ్‌లో ఉంటుంది. వచ్చే నెల అమ్మ వెళ్తోంది, ఒక్కతే. అందుకే నాకన్నా ఎక్కువ అమ్మే దీన్ని వాడింది.

మొదటి మాట ఓలా, అంటే హలో. స్పెల్లింగులో హెచ్ ఉన్నా పలకరు. "క్యాబ్‌ని పిలుస్తున్నట్టుంది కదరా" అని అమ్మ నవ్వింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వయసు చెప్పే పాఠం వచ్చింది. అక్కడే నాకు ఒళ్లు మండింది.

స్పానిష్‌లో "నాకు 62 ఏళ్లు" అనరు, "నా దగ్గర 62 ఏళ్లు ఉన్నాయి" అన్నట్టు చెబుతారు. తెంగో సెసెంతా ఇ దోస్ ఆఞోస్. ఆ చివరి మాటలో ఎన్ మీద అలలాంటి చిన్న గీత ఉంటుంది. ప్రాణమంతా అందులోనే ఉంది. అది మర్చిపోయి ఆనోస్ అన్నారనుకోండి, ఏళ్లు కాస్తా మలద్వారాలు అయిపోతాయి. అదీ 62! నేను కావాలనే మైకులో ఆనోస్ అన్నా. పచ్చ టిక్కు, చప్పట్లు, నక్షత్రాలు. ఇంకోసారి అన్నా. మళ్లీ చప్పట్లే! అమ్మ శుభ్రంగా ఆఞోస్ అంటే మాత్రం, ఫ్యాన్ చప్పుడుకో ఏమో, తప్పంది.

దీనికి తోడు, ఎలా పలకాలో ఇంగ్లీషు అక్షరాల్లో చూపిస్తారు. ఇంగ్లీషు టీ చూడగానే నా నోట్లో టెంగో వచ్చేస్తుంది. స్పానిష్‌లో ఉన్నది మన త, మన ద. అమ్మకి విసుగొచ్చి, పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీ తీసి, ఆడియో వింటూ తెలుగులో రాసుకుంది. "దోందే ఎస్తా ఎల్ బాఞో", బాత్రూమ్ ఎక్కడ అని. ఆ ఞ చూసి నాకు భలే అనిపించింది. జ్ఞానంలో జ కింద ఒత్తుగా తప్ప మనకి కనిపించదే! చిన్నప్పుడు పలక మీద ఊరికే దిద్దాం అనుకున్నా. మాడ్రిడ్‌లో బాత్రూమ్ వెతకడానికి పనికొచ్చింది.

మే గుస్తా అంటే "నాకు నచ్చింది". యాప్ ఇంగ్లీషు దారిలో నేర్పుతుంది కాబట్టి దీనికి పాఠమంతా ఖర్చుపెట్టింది. మనం నాకు నచ్చింది అనే అంటాం కదా, వివరించేదేముంది? నువ్వు, మీరు కూడా ఉన్నాయి: తూ, ఉస్తెద్. స్పెయిన్‌లో కొత్తవాళ్లతో కూడా తూ బాగానే చెల్లుతుందని చెల్లి చెప్పింది. అమ్మ వినదు. ముక్కూ మొహం తెలియనివాళ్లని నువ్వు అంటామా అని ఉస్తెద్ పట్టుకుంది.

తిండి దగ్గర యాప్ చేతులెత్తేసింది. "సోయ్ బెహెతారియానా", నేను శాకాహారిని, అంతటితో సరి. మాంసం వద్దంటే సలాడ్‌లో ట్యూనా చేప వేసి తెచ్చే చోట్లున్నాయట. సిన్ హమోన్, సిన్ అతూన్ అని కూడా చెప్పాలి, పంది మాంసం, ట్యూనా లేకుండా అని. ఇది చెల్లి నేర్పింది.

రెండేళ్ల కింద ఒక ట్రాన్స్‌లేటర్ మెషీన్ కూడా కొన్నాను. నెట్ లేకపోతే నోరు విప్పదు, ఇప్పుడు సొరుగులో పడుంది. అమ్మేమో ఈ ఊరొచ్చిన రెండు వారాల్లో కూరగాయల బండి దగ్గర "స్వల్ప కడిమె మాడి", కొంచెం తగ్గించండి అని కన్నడంలో బేరం మొదలుపెట్టిన మనిషి.

ఆడియో గొంతులు బాగున్నాయి, వాటికోసం ఫ్రీ వెర్షన్ పెట్టుకోండి. ప్రీమియం కొనకండి. థ్యాంక్స్‌కి అది మెక్సికో వాళ్ల గ్రాస్యాస్ నేర్పుతోంది, మాడ్రిడ్‌లో గ్రాథ్యాస్ అంటారు. అమ్మ దిద్దుకుంది. పొద్దున పాలబ్బాయికి గ్రాథ్యాస్ అని చెప్పింది కూడా. అతను "పరవాగిల్ల అమ్మా" అనేసి వెళ్లిపోయాడు.