హిప్నోథెరపీ గదిలో అసలు ఏం జరుగుతుంది?

[దృశ్యం: ఉదయం వేళ అమలాపురం బస్టాండు. కాకినాడ బస్సు కోసం నిలబడిన ప్రయాణికులు.]

వ్యాఖ్యాత: బస్సెక్కే ముందు రెండు మూడుసార్లు విరేచనానికి వెళ్లవలసి రావడం, కడుపు మెలిపెట్టినట్టు నొప్పి, పెళ్లిపంక్తిలో కూర్చోవాలన్నా బెరుకు. ఇలా ఏళ్ల తరబడి బాధపడుతూ, పరీక్షలన్నీ చేయించుకుని, ‘రిపోర్టుల్లో ఏమీ లేదండి’ అన్న మాట విని ఇంటికి తిరిగివచ్చినవారు మన కోనసీమలోనూ ఎందరో ఉన్నారు. వైద్యులు దీనిని ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటారు. పేగు, మెదడు ఒకదానికొకటి పంపుకొనే సంకేతాలు గాడి తప్పడం వల్ల వచ్చే ఈ బాధ నిజమైనదే తప్ప, రోగి ఊహించుకున్నది కాదు.

మందులతో లొంగని ఐబీఎస్‌కు హిప్నోథెరపీ, అంటే మనసును ప్రశాంతమైన ఏకాగ్రస్థితికి తెచ్చి మాటలతో సూచనలిచ్చే చికిత్స, ఉపయోగపడుతుందని 1984లో మాంచెస్టర్ వైద్యుడు పీటర్ వోర్వెల్ బృందం 30 మంది రోగులపై జరిపిన పరిశీలనలో తేలింది. ఏడాదిపాటు మందులు వాడినా గుణం కనిపించనివారి విషయంలో దీనిని ఆలోచించవచ్చునని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2008లో సూచించింది. అయినా హిప్నాటిజం అనగానే మనకు తీర్థాల్లో, తిరనాళ్లలో వేదిక మీదికి పిలిచి మనుషులను ఆడించే ప్రదర్శనే గుర్తుకు వస్తుంది. వశీకరణమన్న భయం ఒకవైపు, ఒక్క సిట్టింగులో అన్నీ నయమవుతాయన్న ఆశ మరోవైపు చేరి, ఈ చికిత్సకు చాలా అన్యాయం చేశాయి.

[దృశ్యం: సాదా గది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న మధ్యవయస్కురాలు. ఎదురుగా క్లినికల్ సైకాలజిస్టు.]

వ్యాఖ్యాత: మొదటి రోజు చాలావరకు మాటలతోనే గడుస్తుంది. బాధ ఎప్పుడు మొదలైంది, ఏ సందర్భంలో పెరుగుతోంది, నిద్ర ఎలా పడుతోంది, ఏ మందులు వాడుతున్నారు అని అడిగి తెలుసుకుంటారు. ఆ తరువాత కళ్లు మూసుకోమని, శ్వాస మీద దృష్టి నిలపమని, భుజాలు, చేతులు, కాళ్లు ఒక్కొక్కటిగా వదులు చేయమని నెమ్మదైన గొంతుతో చెబుతారు. ఇది నిద్ర కాదు. బయట రోడ్డు మీద ఆటో హారను వినిపిస్తూనే ఉంటుంది, కానీ దాన్ని పట్టించుకోవాలని అనిపించదు. ఇష్టం లేని మాటకు ఒప్పుకోనక్కరలేదు, కావాలనుకుంటే కళ్లు తెరిచి లేచిపోవచ్చు.

[దృశ్యం: ధవళేశ్వరం ఆనకట్ట, కాలువ, లాకుల తలుపుల మీదుగా కదిలే నీరు.]

వ్యాఖ్యాత: అప్పుడు అరచేతిని పొట్ట మీద ఆనించి, ఆ వెచ్చదనం లోపలికి దిగుతున్నట్టు భావించమంటారు. పేగులోని కదలికను నదీప్రవాహంగా ఊహించుకోమనడం ఈ చికిత్సలో వాడుకలో ఉన్న పద్ధతి. డెల్టాలో పుట్టినవారికి ఇంతకంటె తేలికైన ఊహ ఉండదు: వరదపోటుతో ఉరకలు వేస్తున్న నీటిని లాకుల దగ్గర మీరే అదుపు చేసి, చేలకు చాలినంత మాత్రమే నిదానంగా వదులుతున్నట్టు చూడగలరు. లాకు తలుపు తిప్పే చెయ్యి మీదే కావాలి, చికిత్సకుడిది కాదు. నా దృష్టిలో ఈ చికిత్స సారమంతా అక్కడే ఉంది.

ఒక్కో సిట్టింగు సుమారు 30 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. వారానికి ఒకటి చొప్పున ఏడు నుంచి పన్నెండు వరకు పట్టవచ్చు. ఇంట్లో వినడానికి ఆడియో రికార్డింగు ఇస్తారు, దాన్ని క్రమం తప్పకుండా వినడం చికిత్సలో భాగం. బండి నడుపుతూనో, రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్లు చూసుకుంటూనో మాత్రం వినకూడదు. ఈ స్థితిలోకి అందరూ ఒకేలా వెళ్లలేరు. కొందరికి తేలిక, కొందరికి కష్టం, అది మనోబలానికి కొలమానం కాదు.

ఐబీఎస్‌తోపాటు శస్త్రచికిత్సకు ముందు ఆందోళన, కొన్ని రకాల నొప్పుల విషయంలోనూ ఇది సాయపడుతుంది. సిగరెట్ మాన్పించడంలో ఇది మిగతా పద్ధతులకంటె మెరుగన్నదానికి తగిన ఆధారాలు లేవు. మరచిపోయిన సంగతులను తవ్వి తీస్తామన్నా, పూర్వజన్మ చూపిస్తామన్నా నమ్మవద్దు. హిప్నోసిస్‌లో తోచిన ఊహ కూడా నిజమైన జ్ఞాపకంలాగే అనిపిస్తుంది, దాన్ని పట్టుకుని కుటుంబాలు తగవులు పడే ప్రమాదం ఉంది. లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు వంటి తీవ్ర మానసిక వ్యాధి లక్షణాలున్నవారు ముందు మానసిక వైద్యుణ్ణి కలవాలి.

[దృశ్యం: క్లినిక్ గోడ మీద రిజిస్ట్రేషన్ పత్రం.]

వ్యాఖ్యాత: మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే ఈ గది వైపు రాకముందే రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో జీర్ణకోశ వైద్య నిపుణులను సంప్రదించండి. హిప్నోథెరపీ చేసేవారు వైద్యులా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులా అని మొహమాటపడకుండా అడగండి. కొద్దిరోజుల కోర్సు సర్టిఫికెట్టు ఆ అర్హతకు సాటి రాదు. కావాలంటే ఇంటివారిలో ఒకరిని తోడు ఉంచమని కోరవచ్చు. వాడుతున్న మందులను వైద్యుడు చెప్పకుండా మానవద్దు. నాలుగైదు సిట్టింగులు దాటినా మార్పు కనిపించకపోతే ఆ మాట చికిత్సకునితో నేరుగా చెప్పి, కొనసాగించాలా, వేరే మార్గం చూడాలా అన్నది ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి.