గోమారి మీద గొడవ: టెక్సాస్ మందలు, మిస్సోరీ తుపాకులు

సభకు నమస్కారం.

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పాడి, పంట, రాజకీయం ఎలా కలిసి నడిచాయో చెప్పమని నిర్వాహకులు అడిగారు. అంత పెద్ద దేశాన్ని ఒక్క సాయంత్రంలో చుట్టి రావడం నావల్ల కాదు. అందుకని ఒక గోమారి కథ చెబుతాను. ముందు వరసలో పిల్లలు నవ్వుతున్నారు, నవ్వండి, ఫరవాలేదు. ఆ గోమారి పుణ్యమా అని శాసనసభలు చట్టాలు చేశాయి, రైతులు తుపాకులు పట్టుకుని దారి కాశారు, ఒక రైల్వే కంపెనీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

గోమారి అంటే ఇక్కడ సగం మందికి తెలిసే ఉంటుంది. కొన్ని ఊళ్ళలో పిడుదు అంటారు. ఆవు గంగడోలు కింద, పొదుగు పక్కన, తోక మొదట్లో చెయ్యి పెట్టి తడిమితే తగులుతుంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి అచ్చం ఆముదపు గింజే. ఈ పోలిక మన పల్లెలదే అని చాలాకాలం అనుకున్నాను. లాటిన్‌లో కూడా గోమారికీ ఆముదపు మొక్కకీ రిసినస్ అని ఒకటే పేరని తర్వాత తెలిసింది. పశువులు కాసేవాడి కన్ను ఎక్కడైనా ఒకటే కాబోలు.

ఇక కథలోకి వద్దాం. 1853 జూన్‌లో టెక్సాస్ నుంచి మూడు వేల పశువుల మంద ఒకటి మిస్సోరీ రాష్ట్రం పడమటి వైపు నుంచి ఉత్తరానికి నడిచిపోయింది. పొడుగు కొమ్ములు, సన్నటి నడుములు, స్పానిష్‌వాళ్ళు తెచ్చిన పశువుల సంతతి. ఎండకీ వానకీ రాటుతేలిన జాతి. మంద వెళ్ళిపోయింది. దుమ్ము సర్దుకుంది. కొన్ని వారాలు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఆ దారి పక్కన మేసిన ఊరి పశువులు జబ్బు పడటం మొదలైంది. తల వాలేస్తాయి, నెమరు మానేస్తాయి, ఒళ్ళు కాలిపోతుంటుంది, మూత్రం ఎర్రగా, ముదిరితే నల్లటి డికాక్షన్‌లా వస్తుంది. తర్వాత కూలబడతాయి. చాలావరకు లేవవు.

దీనికి టెక్సాస్ జ్వరం అని పేరు పెట్టారు. టెక్సాస్‌వాళ్ళకి ఆ పేరు వింటేనే మంట. వాళ్ళ వాదన సూటిగా ఉండేది: మా పశువులకి జ్వరమే లేదు, కావాలంటే వచ్చి చూసుకోండి, దిట్టంగా ఉన్నాయి, వాటి వల్ల మీ పశువులు ఎలా చస్తాయి? మిస్సోరీ రైతు వాదనా సూటిగానే ఉండేది: మీ మంద వచ్చింది, మా ఆవు చచ్చింది. ఇప్పుడు మనం చూస్తే ఇద్దరూ నిజమే చెప్పారు. ఈ కథలో నాకు నచ్చేది ఇదే. ఒకడు అబద్ధమాడితే తగువు ఏదో ఒకనాటికి తేలుతుంది. ఇద్దరూ నిజం చెబుతుంటే తేల్చడానికి నలభై ఏళ్ళు పట్టింది.

1855లో మిస్సోరీ శాసనసభ చట్టం చేసింది. జబ్బు పశువుల్ని రాష్ట్రంలోకి తేకూడదని. చదవడానికి బాగానే ఉంది. కానీ వచ్చే పశువుల్లో జబ్బుది ఒక్కటీ కనపడదు! ఏ అధికారి వచ్చి చూసినా అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి. దాంతో రైతులు కమిటీలుగా ఏర్పడి, మందల్ని వెనక్కి తిప్పడం, మాట వినకపోతే కాల్చేయడం మొదలుపెట్టారు.

అంతలో అంతర్యుద్ధం వచ్చింది. 1865లో అది ముగిసేసరికి టెక్సాస్‌లో లక్షలకొద్దీ పశువులు, కొనే దిక్కు లేక. అక్కడ నాలుగు డాలర్లకి వచ్చే పశువు ఉత్తరాన నలభై పలికేది. పదింతల ధర కళ్ళముందుంటే ఎవరు ఆగుతారు? 1866లో మందలు మళ్ళీ కదిలాయి. మిస్సోరీ, కాన్సస్ సరిహద్దుల్లో జనం గుంపులుగా అడ్డం పడ్డారు. తోలుకొచ్చిన వాళ్ళని కొట్టారు, మందల్ని బెదరగొట్టారు. ఆ గుంపుల్లో నిజంగా ఆవు పోగొట్టుకున్నవాడు ఎవడో, సందట్లో సడేమియాగా దోచుకోవడానికి వచ్చినవాడు ఎవడో చెప్పడం కష్టం.

ఇక్కడ జోసెఫ్ మెకాయ్ అనే ఇల్లినాయ్ పశువుల వ్యాపారి తెలివి చూపించాడు. మిస్సోరీ జోలికే పోకుండా, కాన్సస్‌లో రైలు కొత్తగా చేరిన అబిలీన్ అనే చిన్న ఊళ్ళో పశువుల దొడ్లు కట్టించి, 1867లో టెక్సాస్ మందల్ని అక్కడికే రమ్మన్నాడు. సినిమాల్లో చూసే కౌబాయ్ ఊరు అదే. తమాషా ఏమిటంటే, కాన్సస్ ప్రభుత్వం అదే ఏడాది ఒక గీత గీసి, దానికి తూర్పున వేసవిలో టెక్సాస్ పశువులు అడుగు పెట్టకూడదని చట్టం చేసింది. అబిలీన్ ఆ గీతకి తూర్పునే ఉంది. గవర్నర్ చూసీ చూడనట్టు ఊరుకోవడమే కాదు, మెకాయ్ పథకం బాగుందని ఉత్తరం కూడా రాసిచ్చాడు. ఏ శతాబ్దంలోనైనా, ఏ దేశంలోనైనా ఇలాంటి ఉత్తరాలు మనకి కొత్తేమీ కాదు.

1868లో రైళ్ళు, పడవలు ఎక్కి వెళ్ళిన టెక్సాస్ పశువులతో జ్వరం ఇల్లినాయ్ చేరింది. వేలల్లో పాడిపశువులు పోయాయి. ఇప్పుడు అది సరిహద్దు జిల్లాల గోల కాదు, నగరాల మాంసం, పాల సంగతి. ఫెడరల్ ప్రభుత్వ వ్యవసాయ శాఖ జాన్ గామ్‌గీ అనే బ్రిటిష్ పశువైద్యుణ్ణి దర్యాప్తుకి పెట్టింది. ఊపిరి వల్లనా, పేడ వల్లనా, మంద తొక్కిన గడ్డి వల్లనా అని అందరూ తర్జనభర్జనలు పడుతున్న సమయం. రైతుల్లో కొందరు అప్పటికే ఆయనకి మొహం మీదే చెప్పారు: అయ్యా, ఇది గోమార్ల వల్ల వస్తోంది అని. ఆయన ఆ మాటని కొట్టిపారేశాడు. కాస్త ఆలోచిస్తే అది ఎంత అర్థంలేని మాటో తెలుస్తుందన్నట్టు రాశాడు. డిగ్రీ ఉన్నవాణ్ణి గనక సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మా వృత్తిలో ఈ రోగం కూడా పాతదే.

గామ్‌గీని పూర్తిగా తప్పు పట్టలేం లెండి. చిక్కు అంతా ఆ మధ్యలో గడిచే వారాల్లో ఉంది. మంద మీదున్న ఆడ గోమారి పొట్ట నిండాక ఊడి కింద పడుతుంది. గడ్డి మొదళ్ళలో వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. కొన్ని వారాలకి ఆ గుడ్లు పొదిగి, ఆవగింజలో సగం కూడా లేని పిల్లలు గడ్డిపరకలెక్కి కూర్చుంటాయి. అటుగా వచ్చిన ఊరి ఆవుకి పట్టేవి అవే. తల్లి గోమారిలోని సూక్ష్మజీవి గుడ్ల ద్వారా పిల్లలకి చేరుతుంది. అంటే చంపేది మంద మీద వచ్చిన గోమారి కాదు, దాని పిల్లలు. అప్పటికి మంద షికాగోలో మాంసమై అమ్ముడుపోయి ఉంటుంది. టెక్సాస్ పశువులు ఎందుకు చావవంటే, దూడలుగా ఉన్నప్పుడే ఆ జ్వరం తేలిగ్గా తగిలి పోయి ఉంటుంది. ఒంట్లో క్రిమి ఉంటుంది, జబ్బు ఉండదు. మంచు పడితే జబ్బు ఆగిపోవడానికి కారణం కూడా గోమారే, చలికి అది బతకదు.

ఇదేదీ తెలియకుండానే మిస్సోరీ మళ్ళీ చట్టం చేసింది. ఈసారి జబ్బు, ఆరోగ్యం అన్న తేడా లేకుండా మార్చి 1 నుంచి నవంబర్ 1 దాకా టెక్సాస్ పశువే రాకూడదని. హ్యూసెన్ అనే ఆయన, ఒక రైల్వే ఆ చట్టం మీరి పశువుల్ని తెచ్చి తనకి నష్టం చేసిందని దావా వేశాడు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1877-78 నాటి హానిబల్ అండ్ సెయింట్ జోసెఫ్ రైల్‌రోడ్ కేసు అదే. కోర్టు ఏమంది? రోగాన్ని ఆపుకునే హక్కు రాష్ట్రానికి ఉంది, కానీ ఆరోగ్యంగా ఉన్న పశువుల్నీ కలిపి ఎనిమిది నెలలు ఆపడం రాష్ట్రాల మధ్య వ్యాపారానికి అడ్డం పడటమే, అది కుదరదు. న్యాయసూత్రంగా మంచి తీర్పే. పశువైద్యంగా చూస్తే మాత్రం పూర్తిగా తలకిందులు. విడదీయమన్నది సరిగ్గా ఎవరూ విడదీయలేని రెంటినే. రైతు మోటుగా చేసిన చట్టం శాస్త్రానికి దగ్గరగా ఉంది, కోర్టు నాజూకు తీర్పు దూరంగా ఉంది.

1884లో ఫెడరల్ ప్రభుత్వం పశువుల జబ్బుల కోసం ప్రత్యేకంగా ఒక బ్యూరో పెట్టింది. దాని మొదటి అధిపతి డేనియల్ సాల్మన్. మన గుడ్లలో, కోళ్ళలో దొరికే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకి ఆయన పేరే పెట్టారు. పాపం, బతికినన్నాళ్ళూ మంచిపనులు చేస్తే మిగిలింది ఇది. ఆయన దగ్గర థియోబాల్డ్ స్మిత్ అనే కుర్ర డాక్టరు, ఫ్రెడ్ కిల్‌బోర్న్ అనే పశువైద్యుడు ఉండేవారు. గోమార్ల జీవితచక్రం మీద కూపర్ కర్టిస్ పనిచేసేవాడు. ఈ పేరు ఎవరూ చెప్పరు, నేను చెబుతాను.

1889 వేసవిలో నార్త్ కరోలినా నుంచి ఏడు పశువుల్ని వాషింగ్టన్ దగ్గరున్న ప్రయోగ క్షేత్రానికి తెచ్చారు. పొలాన్ని కంచెలు వేసి విడదీశారు. ఒక మడిలో గోమార్లతో సహా దక్షిణాది పశువులు, వాటితో పాటు స్థానిక పశువులు. ఇంకో మడిలో దక్షిణాది పశువులే, కానీ ఒంటి మీద గోమారి అన్నది లేకుండా చేత్తో ఏరేశారు. మూడో దాంట్లో దక్షిణాది పశువే లేదు, గడ్డిలో గోమార్లు మాత్రం చల్లారు. మూడింటిలోనూ స్థానిక పశువుల్ని వదిలారు. ఏరడం అన్న ముక్క దగ్గర ఆగండి. ఎండలో నిలబడి, తన్నే పశువు ఒళ్ళంతా రోజుల తరబడి గోరుతో గిల్లి తీయాలి. ఆ ప్రయోగంలో గొప్ప యంత్రం ఏదీ లేదు, ఓపిక ఉంది. మొదటి మడిలో, మూడో మడిలో స్థానిక పశువులు పడ్డాయి. ఏరేసిన మడిలో నిలబడ్డాయి. చచ్చిన వాటి ఎర్ర రక్తకణాల్లో స్మిత్‌కి బేరిపండు ఆకారంలో జంటలు జంటలుగా సూక్ష్మజీవులు కనిపించాయి.

1893లో ఇదంతా అచ్చయింది. రక్తం తాగే ఒక జీవి సూక్ష్మజీవిని ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి మోస్తుందని ఇంత పక్కాగా నిరూపించడం అదే మొదలు. నాలుగేళ్ళ తర్వాత, 1897 ఆగస్టులో, మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, చూడనివాళ్ళు ఒకసారి వెళ్ళి రండి.

తర్వాతిది తొందరగా చెప్పేస్తాను. 1906లో దక్షిణాది రాష్ట్రాల్లో గోమారిని తుడిచిపెట్టే పని మొదలైంది, ఆ తర్వాత ఆర్సెనిక్ కలిపిన నీళ్ళ తొట్లలో పశువుల్ని ముంచడం తప్పనిసరి చేశారు. కొన్నిచోట్ల రైతులు ఆ తొట్లని డైనమైట్ పెట్టి పేల్చేశారు. 1943కి, మెక్సికో సరిహద్దు అంచు తప్ప, దేశం నుంచి ఆ గోమారి పోయింది.

ఇక మనవాళ్ళ పాత్ర. సముద్రతీరపు టెక్సాస్ రైతులు 1880ల నుంచి భారతదేశపు మూపురం ఎడ్లని తెప్పించుకోవడం మొదలెట్టారు. వాటికి గోమార్లు తక్కువ పడతాయి, ఎండ లెక్కలేదు. అలా తయారైన అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో గిర్, గుజరాత్ పశువులతో పాటు నెల్లోర్ అని వాళ్ళు పిలిచే రక్తం ఉంది. అది మన ఒంగోలు గిత్తే. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది గనక ఆ పేరు పడింది.

రియో గ్రాండే నది ఒడ్డున ప్రభుత్వం జీతమిచ్చే గుర్రపు రౌతులు ఇప్పటికీ తిరుగుతుంటారు. మెక్సికో నుంచి దాటొచ్చిన ఆవు దొరికితే తాళ్ళతో కట్టి, ఇనప చట్రంలో నిలబెట్టి, మెడ కిందా, పొదుగు పక్కనా, తోక మొదట్లోనూ చేత్తో తడిమి చూస్తారు.