ఆ డబ్బు ఎవరి పేరు మీద వచ్చింది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. లోన్ యాప్‌లు, ఆన్‌లైన్ బుకింగులు, మనకు తెలియకుండా ఫోన్లో కట్ అయ్యే డబ్బులు... వీటి మీద మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సైబర్ కేసులు చూసే న్యాయవాది గారు వచ్చారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి, నేరుగా కాల్స్‌కి వెళ్దాం. హలో, చెప్పండమ్మా.

కాలర్ (కరీంనగర్): నమస్తే మేడం. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. బాబుకి జ్వరమొచ్చి హాస్పిటల్లో చేర్చినప్పుడు అర్జెంటుగా ఒక యాప్‌లో 6,000 లోన్ పెట్టుకున్నాను. చేతికి వచ్చింది 3,900. మిగతాది ప్రాసెసింగ్ ఫీజు అన్నారు. ఏడు రోజులకే మొత్తం కట్టమంటే కట్టేశాను కూడా. ఆ తర్వాత ఇంకా బాకీ ఉందని మొదలుపెట్టారు, ఇప్పటికి 11,000 దాకా పోయింది. నిన్న నా ఫొటోని... మీకు అర్థమైతది కదా మేడం... అట్లా చేసి మా హెడ్‌మిస్ట్రెస్‌కి, మా ఆడపడుచుకి పంపించారు. ఇవాళ స్కూలుకి పోలేదు.

న్యాయవాది: అమ్మా, తలదించుకోవాల్సింది వాళ్లు, మీరు కాదు. రేపు స్కూలుకి వెళ్లండి. ఇప్పుడు నేనడిగేది చెప్పండి, ఆ 3,900 మీ ఖాతాలో ఎవరి పేరు మీద పడింది?

కాలర్: యాప్ పేరే ఉంటది కదా సర్?

న్యాయవాది: అదే చూడాలి. రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఇచ్చేది బ్యాంకులకి, ఎన్‌బీఎఫ్‌సీలకి, అంటే బ్యాంకు కాకపోయినా అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలకి, యాప్‌లకి కాదు. యాప్ అంటే బట్టల కొట్టు ముందు నిలబడి రండి రండి అని పిలిచే కుర్రాడు. రూల్సన్నీ లోపల గల్లా మీద కూర్చున్న ఓనరు కోసం. ఆ ఓనరు, అంటే బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో, నిజంగా ఉంటే మీకు బోలెడు హక్కులున్నాయి. 2022 సెప్టెంబరులో వచ్చిన డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాలు, వాటన్నిటినీ కలిపి 2025 మేలో ఇచ్చిన ఆదేశాలు ఏం చెప్తున్నాయంటే, డబ్బు బ్యాంకు ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకి రావాలి, మీరు కట్టేది కూడా నేరుగా బ్యాంకుకే వెళ్లాలి, మధ్యలో యాప్ వాడి ఖాతా ఉండకూడదు. యాప్ వాడి కమీషన్ బ్యాంకు ఇచ్చుకోవాలి, మీ దగ్గర వసూలు చేయకూడదు. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే ఒక కాగితంలో రాసివ్వాలి, అందులో లేని ఛార్జీ వేయడానికి లేదు. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగులో కావాలని అడగొచ్చు. అడిగినవాళ్లని నేనైతే ఇంతవరకు చూడలేదు లెండి.

వ్యాఖ్యాత: మరి కాంటాక్టులు ఎలా వెళ్లాయి సర్ వాళ్లకి?

న్యాయవాది: యాప్ వేసుకునేటప్పుడు "అనుమతించు" అని నొక్కేస్తాం కదండీ. రూలు ప్రకారం లోన్ యాప్ మీ కాంటాక్టులు, కాల్ లిస్టు, గ్యాలరీ ముట్టుకోకూడదు. కేవైసీ, అంటే మీరెవరో చూసుకోవడం కోసం కెమెరా, లొకేషన్ లాంటివి, అదీ మీరు ఒప్పుకుంటే, ఒక్కసారే. కాబట్టి కాంటాక్టులు అడిగిన క్షణంలోనే అది ఎలాంటి యాపో తెలిసిపోతుంది. మన హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు 2020 డిసెంబరులో ఈ ముఠాల కాల్ సెంటర్ల మీద దాడులు చేశాక, రిజర్వ్ బ్యాంకు ఒక కమిటీ వేసి లెక్క తీయించింది. 1,100 లోన్ యాప్‌లు దొరికితే అందులో 600 దాకా అక్రమమైనవే. వాటి వెనక ఓనరే లేడు. ఓనరు లేనప్పుడు రిజర్వ్ బ్యాంకు ఎవర్ని పట్టుకుంటుంది చెప్పండి? అలాంటివి పోలీసుల పని. అందుకే అమ్మా, ఆ పేరు చూడమంటున్నాను.

కాలర్: చూస్త సర్. యాప్ తీసేయాలా?

న్యాయవాది: ఆగండాగండి. యాప్ తీసేసినా వాళ్లు ఎత్తుకుపోయిన నంబర్లు వెనక్కి రావు, మీ దగ్గరున్న సాక్ష్యం మాత్రం పోతుంది. ముందు యాప్ పేరు, లోన్ పేజీ, ప్రతి మెసేజ్, వాళ్ల నంబర్లు, ఆ ఫొటో కూడా, అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. చూడలేకపోతే ఇంట్లో ఎవరికైనా ఫోన్ ఇచ్చి తీయించండి. ఇక రూపాయి కూడా కట్టొద్దు, కట్టినకొద్దీ అడుగుతూనే ఉంటారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. స్టేషన్లో "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే పరిధి ఎవరిదైనా ఏ స్టేషన్లోనైనా కేసు రాసుకోవాలి. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్లో అది ఉంది. బెదిరింపు, బలవంతపు వసూలు, అశ్లీల ఫొటో, ఇవన్నీ నేరాలే. ఆడవాళ్ల రక్షణ కోసం ఉన్న పోలీసు బృందాలు, షీ టీమ్స్‌కైనా చెప్పొచ్చు. ఇంకోటి, ఆ ఫొటో ఏదైనా సోషల్ మీడియాలో పెడితే ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మీరే నేరుగా రాయొచ్చు. మామూలు ఫిర్యాదులకి రోజుల గడువు ఉంటుంది, ఇలాంటి ఫొటోలకైతే గంటల్లో తీసేయాలి.

వ్యాఖ్యాత: అమ్మా, ఆ పేరు చూసి మళ్లీ చేయండి, మీ కాల్ తీసుకుంటాం. తర్వాత ఎవరు?

కాలర్ (రాజమహేంద్రవరం): నమస్కారమండి. నాది ఇంత పెద్ద సమస్య కాదండి. హైదరాబాద్‌కి బస్సు టికెట్ బుక్ చేస్తుంటే ఇన్సూరెన్సని, విరాళమని రెండు టిక్కులు వాడే పెట్టేశాడండి. పదో పరకో పోయింది. పరువు తక్కువని అడగలేదండి.

న్యాయవాది: (నవ్వుతూ) వాళ్లు బతికేది ఆ మొహమాటం మీదేనండి. ముందే టిక్ పెట్టి ఉంచడం 2020 ఈ-కామర్స్ రూల్స్‌లోనే కుదరదన్నారు. 2023 నవంబరు 30న ఇలాంటి మాయల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు వచ్చాయి. వీటిని డార్క్ ప్యాటర్న్స్ అంటారు, మొత్తం 13 రకాలు రాశారు. మీది బుట్టలో దొంగతనంగా సరుకు వేయడం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పండి, బిల్లు దగ్గర పెట్టుకోండి.

కాలర్: పది రూపాయలకి కూడా తీసుకుంటారాండి?

న్యాయవాది: తీసుకుంటారు. మీకు పది, వాళ్లకి రోజుకెన్ని పదులో లెక్కేసుకోండి.

వ్యాఖ్యాత: సిద్దిపేట నుంచి ఇంకో కాల్.

కాలర్ (సిద్దిపేట): సర్, నాది పేరున్న బ్యాంకు లోనే, యాప్‌లో తీసుకున్న. రెండు ఈఎంఐలు ఆగినయ్. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి తిడుతున్నరు, మా బామ్మర్దికి కూడా చేసిండ్రు.

న్యాయవాది: చూశారా, ఇక్కడ ఓనరు ఉన్నాడు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కాల్స్ చేయకూడదు. ఇంట్లోవాళ్లని వేధించకూడదు. ఏజెంటు చేసిన తప్పుకి బ్యాంకే బాధ్యత. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి, ఖర్చు లేదు. ఎలా వెళ్లాలో రిజర్వ్ బ్యాంకు ఫోన్ నంబరు 14448లో చెప్తారు. కానీ బాబూ, అప్పు అప్పే. వాళ్లు తిట్టారని ఈఎంఐ మాఫీ కాదు. మెల్లగా కడతానని అదే ఫిర్యాదులో రాసి, గడువు అడగండి.

కాలర్: కడత సర్. తిట్టకుండా అడిగితే ఎప్పుడో కట్టేటోణ్ని.

వ్యాఖ్యాత: కరీంనగర్ టీచర్ గారు మళ్లీ లైన్లోకి వచ్చారు. చెప్పండమ్మా.

కాలర్ (కరీంనగర్): చూశాను సర్. ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఉంది. నేను కట్టిన డబ్బులైతే మూడుసార్లు మూడు వేరే వేరే పేర్లకి పోయినయ్. మనుషుల పేర్లే సర్ అవి.

న్యాయవాది: అంటే బ్యాంకూ లేదు, ఎన్‌బీఎఫ్‌సీ లేదు. ఆ స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించి, నాలుగు లైన్ల కిందా గీత గీసి పోలీసుల చేతిలో పెట్టండి. వాళ్లు ఆ ఖాతాల వెంబడే వెళ్తారు. 1930కి మాత్రం ఇప్పుడే, ఈ ఫోన్ పెట్టగానే చేయండి. స్టేషన్‌కి తోడు ఎవరైనా వస్తారా?

కాలర్: మా ఆడపడుచు వస్తానంది సర్. ఫొటో వచ్చింది ఆమె ఫోన్‌కే కదా, అది కూడా చూపించాలి.