చుక్కలు, గీతలు, కళ అనే మాట

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి వేసిన ముగ్గు పొద్దెక్కేసరికి కాళ్ళ కింద పడి చెరిగిపోతుంది. అదే ముగ్గును కాగితం మీద వేసి, ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే బొమ్మ అంటాం, వేసినవాళ్ళను ఆర్టిస్టు అంటాం. వాకిట్లో ఉన్నంతసేపు మాత్రం అది ఇంటిపని. గీత మారలేదు, వేసిన చేయి మారలేదు. మరి మధ్యలో మారిందేమిటి? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం.

పాతకాలం వాళ్ళకు ఈ తేడా లేదు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల జాబితాలో పాట, వాద్యం, నాట్యం, ఆ తర్వాత ఆలేఖ్యం, అంటే బొమ్మలు గీయడం. ఇంకొక్క కళ దాటగానే తండులకుసుమబలివికారం వస్తుంది. బియ్యంతో, పూలతో నేలమీద రూపాలు తీర్చడం అది. బొమ్మకూ దీనికీ ఒకే పంక్తిలో విస్తరి వేశారు. పెద్ద కళ, చిన్న కళ అనే మెట్లు ఆ జాబితాలో కనబడవు.

ముగ్గులో కళ ఎక్కడుందో తెలియాలంటే ముందు పని తెలియాలి. నేల దగ్గర మొదలుపెడదాం. మట్టి వాకిలి అయితే పేడనీళ్ళు చల్లాక తడి మెరుపు పోయేదాకా ఆగాలి. నీళ్ళు నిలిచి ఉండగా పిండి వదిలితే అది నీటిని పీల్చుకుని ముద్దవుతుంది, గీత అంచులు కరిగిపోతాయి. పూర్తిగా ఆరిపోయాక వేస్తే పిండి నేలను పట్టుకోదు, గాలికి లేచిపోతుంది. చేత్తో తాకితే చెమ్మ తెలియాలి, వేలికి నీరు అంటకూడదు. సిమెంటు గచ్చు నీరు పీల్చదు కాబట్టి అక్కడ చల్లడం కన్నా తడిగుడ్డతో తుడవడం మేలు.

పిండిలోనూ తేడాలున్నాయి. ముగ్గురాయి పొడి బరువుగా ఉంటుంది, చక్కగా జారుతుంది. బియ్యప్పిండి తేలిక, చెమ్మకు వేళ్ళకు అంటుకుంటుంది. పూజగదిలో తడిపిండితో వేసే ముగ్గు వేరే పద్ధతి. బియ్యం రెండు మూడు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, పలచన చేసి, చిన్న గుడ్డపేలిక ముంచి, దాన్ని నొక్కుతూ ఉంగరపు వేలి కొసనుంచి వదలాలి. వేసేటప్పుడు గీత సరిగా కనబడదు, ఆరాకే తెల్లబడుతుంది. అంటే వేసే మనిషి తాను వేసింది పూర్తిగా చూడకుండానే ముందుకు వెళ్ళాలి.

పొడిపిండి పట్టుకునేది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా దొర్లుతుంటే పిండి సన్నగా జారుతుంది. చేయి నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండాలి. అంతకన్నా పైకి లేస్తే గీత వెడల్పై అంచులు చెదురుతాయి. మధ్యవేలిని కూడా కలిపి రెండు సందుల్లోంచి ఒకేసారి పిండి వదిలి జంట గీతలు వేసేవాళ్ళున్నారు. ఆ రెండు గీతలూ మలుపులో కూడా ఒకే దూరంలో నడవాలంటే మణికట్టు కూడా మలుపుతో పాటు తిరగాలి. ఏళ్ళ తరబడి వేస్తే తప్ప రాదది.

ఇక చుక్కలు. సందు చుక్క అంటే పక్క వరుస చుక్క రెండు చుక్కల నడిమి సందుకు ఎదురుగా పడటం, అలా నడిమి వరుస నుంచి దూరం పోయేకొద్దీ వరుసకొక చుక్క తగ్గుతుంది. 13 చుక్కలు, సందు చుక్క, 7 వరకు అంటే ఎన్ని చుక్కలు? నడిమి వరుసలో 13, పైన ఆరు వరుసలు, కింద ఆరు వరుసలు, అన్నీ కలిపి 127. చుక్కకూ చుక్కకూ మూడు అంగుళాలు వదిలితే ముగ్గు అడ్డంగా మూడు అడుగులు వస్తుంది. కొత్తవాళ్ళు తప్పేది ఇక్కడే. వరుసకూ వరుసకూ మధ్య కూడా మూడు అంగుళాలే వదులుతారు. సందు చుక్కల్లో ఆ దూరం రెండున్నర దాటి ఒక పిసరు ఉంటే చాలు. మూడు వదిలితే ముగ్గు నిలువుగా సాగిపోతుంది, ఆరు రేకులు ఒక్క కొలతకు రావు. చేయి తిరిగినవాళ్ళు ఏ స్కేలూ పెట్టకుండా ఇది కంటితో సరిచూసుకుంటారు. నడిమి వరుస ముందు పెట్టి పైకీ కిందికీ వెళ్ళడం కూడా అందుకే. ఆ ఒక్క వరుస వంకరపోతే తక్కిన పన్నెండూ దాని వెంటే పోతాయి.

మెలికల ముగ్గు దగ్గరికి వస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఇందులో గీత చుక్కను తాకదు, చుట్టూ తిరుగుతుంది. ఎదురు చుక్కలు, అంటే ఒకదాని కింద ఒకటి సూటిగా వచ్చే చుక్కలు, 3 వరుసలు, వరుసకు 4 పెట్టి, పక్కపక్క చుక్కల మధ్య ఉన్న ప్రతి సందులోనూ గీతలు ఒకదాన్నొకటి దాటేలా తిప్పండి. బయలుదేరిన గీత చుక్కలన్నిటినీ చుట్టి మళ్ళీ మొదటికి వస్తుంది, చేయి ఎత్తే పనే లేదు. అదే 4 వరుసలు, వరుసకు 4 పెట్టి అలాగే తిప్పితే నాలుగు వేర్వేరు గీతలు వస్తాయి. 4 వరుసలు, వరుసకు 6 అయితే రెండు. వరుసల లెక్కనూ చుక్కల లెక్కనూ రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద అంకె ఎంతో, అన్ని గీతలు.

4 వరుసలు, వరుసకు 4 ముగ్గులో వచ్చిన నాలుగు గీతలనూ ఒక్క గీత చేయాలంటే కొన్ని సందుల్లో దాటకుండా వెనక్కి మలపాలి. లెక్క ప్రకారం మూడు చోట్ల సరిగ్గా మలిపితే చాలు. అయితే మూడే చోట్ల మలిపితే నాలుగు వైపులా పోలిక చెడుతుంది. ఒక్క గీత కావాలా, పోలిక కావాలా, రెండూ కుదిరే దారి ఉందా అన్నది వేసే మనిషి అక్కడే, వంగిన నడుముతో, పిండి జారుతుండగానే తేల్చుకోవాలి. మలుపు పొరపాటున పడిందనుకోండి, తడిగుడ్డతో తుడిస్తే తెల్లటి మరక మిగులుతుంది. తెలిసినవాళ్ళు తుడవరు. మిగతా మూడు వైపులా అదే చోట అదే మలుపు తిప్పేస్తారు, పొరపాటు కాస్తా కొత్త ముగ్గవుతుంది. కళ అని నేననేది ఈ నిర్ణయాన్ని.

ఈ లోతు పండితుల కంట పడకపోలేదు. తమిళనాట కోలం అనే ఈ ముగ్గులనే తీసుకుని మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో పరిశోధన పత్రం రాశారు. కంప్యూటరు బొమ్మలకు వ్యాకరణం, అంటే బొమ్మను ముక్క ముక్కగా కూర్చే నియమాలు, ఎలా కట్టాలో ముగ్గుల సాయంతో చూపారు. గణితం దీన్ని ఎప్పుడో లోపలికి పిలిచింది. ఆర్టు గ్యాలరీలే ఇంకా గడప దగ్గర నిలబెట్టాయి.

ఆ గడప ఎలా దాటుతారో చెప్పడానికి మిథిల ఉదాహరణ ఉంది. బీహారులో మధుబని ప్రాంతపు ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకూ పండుగలకూ ఇంటి గోడల మీద బొమ్మలు వేసేవారు. 1960ల చివర, కరువు రోజుల్లో, రాబడి కోసం అవే బొమ్మల్ని కాగితం మీద వేయించారు. 1975లో జగదంబా దేవికి, 1981లో సీతా దేవికి, 1984లో గంగా దేవికి పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ చేతిలో కళ కాగితంతో పాటు పుట్టలేదు. కాగితం వల్ల బొమ్మను అమ్మడం కుదిరింది, దాచడం కుదిరింది, కింద పేరు రాయడం కుదిరింది. మనం కళ అని గుర్తుపట్టేది చాలాసార్లు ఈ మూడింటినే. మర్నాడు ఊడ్చేసే ముగ్గుకు మూడూ లేవు.

బయటివాళ్ళనే అని లాభం లేదు. ముగ్గు వేసేవాళ్ళలోనూ పెద్దరికం చూపడం ఉంది. చుక్కలు లేనిది ముగ్గే కాదంటారు. రంగులు పడితే అసలుతనం పోయిందంటారు. పుస్తకంలో చూసి వేస్తే చిన్నచూపు. సంక్రాంతి పోటీల్లో దీనికి తలకిందులు, అక్కడ రంగులదే రాజ్యం. మెలికల ముగ్గు తెల్లగా, నిక్కచ్చిగా వేసినా బహుమతి రంగుల నెమలికే పోవడం మామూలు. పోటీ పేరు కూడా ముగ్గుల పోటీ అనక రంగవల్లుల పోటీ అంటే గౌరవమనుకుంటారు. పోటీ పెట్టేవాళ్ళకు ఒక మనవి. రెండు విభాగాలు పెట్టండి. చుక్కల ముగ్గులో గీత ఎక్కడైనా తెగిందా, ఏ చుక్కయినా బయట మిగిలిందా, వరుసలు సమంగా ఉన్నాయా అని చూడండి. రంగుల ముగ్గులో పూత సమంగా పరుచుకుందా, అంచులు నిలిచాయా చూడండి. రంగు ఒక వంతుకు సన్నటి ఇసుకో ఉప్పో మూడు వంతులు కలిపితే పొడి ఉండకట్టకుండా జారుతుంది, పూత గట్లుగట్లుగా రాదు.

మరి చిల్లుల అచ్చులు, దొర్లించే గొట్టాలు? అచ్చు పెట్టి పిండి చల్లితే గీత ఆలోచించినది అచ్చు చేసినవాళ్ళు. అది దాచనక్కర్లేదు. అలాగని అచ్చు వాడినవాళ్ళను వెలివేయడం తప్పు. మోకాళ్ళు వంగని పెద్దావిడ, చేయి వణికే మనిషి, అపార్టుమెంటులో గుమ్మం ముందు రెండడుగుల జాగా మాత్రమే ఉన్న ఇల్లాలు అచ్చుతోనే ముగ్గును రోజూ నిలబెడుతున్నారు. ఆ అచ్చునే నాలుగు మూలలా పెట్టి నడుమ సొంతంగా మెలిక తిప్పితే, ఆ మెలిక పూర్తిగా వాళ్ళది.

ఇంకొకరి సంగతి చెప్పకుండా ఈ విషయం ముగించలేను. పట్టణాల్లో చాలా ఇళ్ళ ముందు రోజూ ముగ్గు పెట్టేది ఆ ఇంట్లో పనిచేసే ఆవిడ. నాలుగైదు ఇళ్ళలో, ఒక్కో ఇంటికి ఐదారు నిమిషాల్లో, ఏ రోజుకారోజు వేరే ముగ్గు. దారిన పోయేవాళ్ళు మెచ్చుకునేది ఇంటివాళ్ళను. ఆ ముగ్గు ఆవిడ వేసిందని చెప్పడానికి ఖర్చేమీ లేదు.

చాలా ఇళ్ళలో ముగ్గుల నోటుబుక్కు ఉంటుంది. పాత బడిపుస్తకం వెనక పేజీల్లో పెన్సిలు చుక్కలు, పక్కన 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు అని రాసి ఉంటుంది. ఇల్లు సర్దేటప్పుడు అది పాత కాగితాల్లోకి పోతుంది. దాన్ని తీసి పేజీ పేజీ ఫోను కెమెరాతో ఫొటో తీయండి. ప్రతి ముగ్గు పక్కనా గీత ఏ చుక్క దగ్గర మొదలవుతుందో బాణం గుర్తు పెట్టండి, ఎందుకంటే పూర్తయిన మెలిక చూసి మొదలు కనుక్కోవడం కష్టం. మొత్తం ఎన్ని గీతలో అంకె వేయండి. వేసినావిడ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆవిడనే అడిగి ఆ పేజీ మీదే రాయండి.

నమస్కారం.