సిద్ధాంతం కూలితే మందు కూడా కూలినట్టేనా? (చర్చా కార్యక్రమం పూర్తి పాఠం)

చర్చలో యాంకర్‌తో పాటు ఒక ఫార్మకాలజీ ప్రొఫెసర్, ఒక సైకియాట్రిస్ట్, స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినపడటం, భ్రమలు ఉండే మానసిక జబ్బు) ఉన్న తమ్ముణ్ని చూసుకుంటున్న ఒక అక్క పాల్గొన్నారు. అడ్డుమాటలు, సగంలో ఆగిన వాక్యాలు దిద్దకుండా అలాగే ఉంచాం.

యాంకర్: నమస్కారం. డిప్రెషన్‌కి మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే కారణం అనడానికి నిలకడైన ఆధారం లేదని 2022 జులైలో 'మాలిక్యులర్ సైకియాట్రీ' పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. ప్రొఫెసర్ గారూ, సూటిగా అడుగుతాను. ఇన్నేళ్లూ జనాన్ని మోసం చేశారా?

ప్రొఫెసర్: ఆ మాట వాడకండి. లోపమే కారణం అన్నది ఒక సంగతి, మందు పనిచేస్తుందా అన్నది ఇంకో సంగతి. పారాసిటమాల్ వేసుకుంటే తలనొప్పి తగ్గుతుంది. ఒంట్లో పారాసిటమాల్ తక్కువై తలనొప్పి వచ్చిందంటామా?

సైకియాట్రిస్ట్: ఈ పోలిక ప్రతి చర్చలోనూ వింటున్నాను. తప్పు కాదు. కానీ రోగులకు మేం చెప్పింది ఇది కాదు కదండీ. 'మీ మెదడులో ఒక రసాయనం తగ్గింది, ఈ మాత్ర దాన్ని భర్తీ చేస్తుంది' అన్నాం. నేనూ అలాగే చెప్పాను.

యాంకర్: అంటే మోసం జరిగిందని మీరే ఒప్పుకుంటున్నారు మేడమ్!

సైకియాట్రిస్ట్: అలా అనలేదు. సులువుగా అర్థమవుతుందని చెప్పాం, అది పొరపాటు. మాత్ర పడిన కొన్ని గంటల్లోనే సెరటోనిన్‌లో మార్పు మొదలవుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ మధ్యలో ఏం జరుగుతోందో...

ప్రొఫెసర్: కణాల మీద ఆ రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు సర్దుకుంటాయి! అదే జరుగుతోంది!

సైకియాట్రిస్ట్: అది ఒక ఊహ. ఇంకా ఉన్నాయి.

ప్రొఫెసర్: ఊహ అంటారేంటండీ? నన్ను పూర్తిగా చెప్పనివ్వండి. స్కిజోఫ్రెనియా మందుల కథే చూడండి. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడి చూశారు. రోగులు కుదుటపడ్డారు. ఎందుకో ఎవరికీ తెలీదు. 1970ల మధ్యలో శాస్త్రవేత్తలు ఫిలిప్ సీమన్ ఒక వైపు, సాల్ స్నైడర్ బృందం ఇంకో వైపు తేల్చారు. డోపమైన్ అనే ఇంకో మెదడు రసాయనం ఉంది, దాని రిసెప్టర్‌ను మందు ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తక్కువ మోతాదు చాలు. ఇది కొలత, ఊహ కాదు.

అక్క: మా తమ్ముడికి హాలోపెరిడాల్ అని అలాంటి మందే ఇచ్చినప్పుడు సార్...

ప్రొఫెసర్: ఒక్క నిమిషం అమ్మా. తర్వాత మెదడులో మందు ఎక్కడ చేరిందో చూపించే పెట్ స్కాన్‌లు వచ్చాయి. డీ2 అనే డోపమైన్ రిసెప్టర్లలో దాదాపు 65 శాతం మందు ఆక్రమిస్తే గుణం కనిపిస్తుంది. 80 దగ్గరకు వెళ్తే వణుకు, బిగుసుకుపోవడం. ఆ ఇరుకు దారిని కొలిచింది రిసెప్టర్ పరిశోధనే.

అక్క: ఆ వణుకే నేను చెప్పబోయేది. నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. సగమే నింపి ఇచ్చేదాన్ని, అయినా చొక్కా మీద ఒలికేది. నవ్వడం మానేశాడు, మా మీద కోపమేమో అనుకున్నాం. మొహం బిగుసుకుపోయి నవ్వు బయటికి రావట్లేదని చాలా రోజులకు గానీ తెలీలేదు.

యాంకర్: ఇది ముందే చెప్పలేదంటే మోసం కాదా అమ్మా? కంపెనీలు దాచినట్టే కదా?

అక్క: కంపెనీల సంగతి నాకు తెలీదండీ. వాడి చెవిలో మాటలు వినపడటం ఆగింది కూడా ఆ మందుతోనే.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.)

సైకియాట్రిస్ట్: ఆమె చెప్పిన రెండూ నిజమే. ప్రొఫెసర్ గారూ, మరి స్కిజోఫ్రెనియాకే ఇచ్చే క్లోజపిన్? అది డీ2ని వదులుగానే పట్టుకుంటుంది. మీ లెక్కలో బలహీనమైన మందు. వేరే మందులకు లొంగనివారికి అదే మెరుగని 1988లో రుజువైంది. ఎందుకో ఈ రోజుకీ...

ప్రొఫెసర్: అది ఒక్క రిసెప్టర్‌తో ఆగదు, చాలావాటిని పట్టుకుంటుంది! నా మాటే మీరు రుజువు చేస్తున్నారు!

సైకియాట్రిస్ట్: ఏది జరిగినా మీ మాటే రుజువైతే ఎలాగండీ?

యాంకర్: కాస్త పక్కకు వెళ్దాం. మత్తుమందుగా పేరుపడ్డ ఎమ్‌డీఎమ్‌ఏతో మానసిక చికిత్సను 2024 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తిరస్కరించింది. అక్కడా మోసమేనా?

సైకియాట్రిస్ట్: అక్కడ చిక్కు వేరు. ప్రయోగంలో తనకు పడింది అసలు మందో, ఉత్తుత్తి మందో రోగికే తెలిసిపోతుంది. తెలిశాక పోలికకు విలువ తగ్గుతుంది. కానీ మనం క్లోజపిన్ గురించి...

(ఎమ్‌డీఎమ్‌ఏ మీద ప్రొఫెసర్, యాంకర్ ఒకేసారి మాట్లాడారు. చాలా మాటలు వినపడలేదు.)

అక్క: తర్వాత తమ్ముణ్ని క్లోజపిన్‌కే మార్చారు సార్. తెల్లరక్తకణాలు పడిపోతాయని మొదట్లో వారం వారం రక్తపరీక్ష. చేతులు కుదుటపడ్డాయి. కానీ రాత్రంతా నోట్లోంచి నీళ్లు కారతాయి. తెల్లారేసరికి దిండు తడిసి ముద్ద. రోజూ గలీబు ఉతికి ఆరేస్తాను. వాడు సిగ్గుపడి ఎవరింటికీ పడుకోవడానికి రాడు. మీ కొలతల్లో ఇది...

ప్రొఫెసర్: చూశారా! లాలాజలం కూడా మస్కరినిక్ అనే ఇంకో రకం రిసెప్టర్ల వ్యవహారమే! వాటి మీద పనిచేసే జానోమెలిన్ అనే మందు కథ అక్కడే ఉంది. 1990లలో అల్జీమర్స్ రోగులకు ఇచ్చి చూశారు. భ్రమలు తగ్గాయి, కానీ వాంతులు, చెమటలు తట్టుకోలేకపోయారు. పక్కన పడేశారు. తర్వాత దానికి ట్రోస్పియం అనే ఇంకో మందు జోడించారు. అది మెదడులోకి పెద్దగా వెళ్లదు, మిగతా ఒంట్లో మాత్రం ఆ రిసెప్టర్లను అడ్డుకుంటుంది. 2024 సెప్టెంబర్‌లో అమెరికాలో ఆమోదం వచ్చింది. డోపమైన్ రిసెప్టర్‌ను నేరుగా ముట్టకుండా స్కిజోఫ్రెనియాకు పనిచేసే మందు! డెబ్బై ఏళ్ల తర్వాత!

(అక్క అడిగిన దానికి ఆయన జవాబు చెప్పలేదు.)

సైకియాట్రిస్ట్: మంచి మందే కావచ్చు. కానీ అదే ఏడాది నవంబర్‌లో ఎమ్రాక్లిడిన్ అనే మందు ఏమైంది? అదీ మస్కరినిక్ దారే, వాటిలో ఎమ్4 అనే రిసెప్టర్ మీదే గురి. రెండో దశ ప్రయోగాలు రెండూ విఫలమయ్యాయి. ప్లాసిబో కంటే, అంటే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. జానోమెలిన్ ఆమోదానికి ఆధారమైన ప్రయోగాలు కూడా ఐదు వారాలవే. ఈమె తమ్ముడు మందు వేసుకునేది ఐదు వారాలు కాదు.

ప్రొఫెసర్: ఒక మందు విఫలమైతే దారి విఫలమైనట్టు కాదు! రిసెప్టర్ తెలియకపోతే చీకట్లో రాయి వేసినట్టే! మళ్లీ చెబుతున్నాను, చీకట్లో రాయి!

సైకియాట్రిస్ట్: వదిలేయమని నేను అనలేదు. ఒక్క మాట, ఈ చర్చ చూసి ఎవరూ మాత్రలు హఠాత్తుగా ఆపకండి. ఆపాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడి, నెమ్మదిగా...

యాంకర్: సమయం అయిపోతోంది. ముగ్గురికీ చివరి నిమిషం ఇస్తానన్నాను. ప్రొఫెసర్ గారూ, మీతో మొదలుపెడదాం. మోసం కాదంటారు?

ప్రొఫెసర్: కాదు, కాదు, కాదు. సిద్ధాంతం మారుతుంది, కొలత నిలుస్తుంది. శాస్త్రవేత్తలు లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో కెమిస్ట్రీ నోబెల్ దేనికిచ్చారు? ఈ రిసెప్టర్ల కుటుంబం ఎలా పనిచేస్తుందో చూపించినందుకు. ఆకారం కళ్ల ముందు ఉంది, దానికి సరిపోయే మందు ఇవాళ కాకపోతే రేపు...

(ఈ మాటలు దాదాపు మూడు నిమిషాలు సాగాయి.)

యాంకర్: చాలా స్పష్టంగా చెప్పారు. అమ్మా, మీరు క్లుప్తంగా.

అక్క: కొత్త మందుకు మారిస్తే ఆ దిండు తడి ఆగుతుందా సార్? ఆ మాటలు మళ్లీ వినపడవు కదా? రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోమంటే...

(ముగింపు సంగీతం మొదలైంది. సైకియాట్రిస్ట్‌కు చివరి నిమిషం దక్కలేదు.)