మా అమ్మ పళ్ళ సంగతి

(అనంతపురంలో పింఛనుదారులు ఏర్పాటు చేసిన ఉచిత దంతవైద్య శిబిరం ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ బిరుదులతో సహా చదివారు. నాలుగోసారి చదివితే వారికే విసుగు. శిబిరానికి వచ్చిన డాక్టరమ్మకు, ఆమె వెంట వచ్చిన విద్యార్థులకు మాత్రం విడిగా నమస్కారం పెడుతున్నాను. నేను చెప్పబోయేది పళ్ళు పీకించుకున్న కథ. అందులో పళ్ళ డాక్టరు తప్పేమీ లేదు. పీకమని రాసిచ్చింది వేరే డాక్టరు. ఈ మాట ముందే చెప్పేస్తే మీరు కుదురుగా వింటారు.

నాకు ఇచ్చిన అంశం పెద్ద వయసులో దంత సంరక్షణ. సమయం పది నిమిషాలు. పళ్ళు ఎలా తోముకోవాలో డాక్టరమ్మ నాకంటే బాగా చెబుతారు. నాకు యాభై ఏళ్ళుగా గొంతులో అడ్డుపడిన మాట ఒకటుంది. మైకు దొరికింది కాబట్టి అది చెప్పుకుంటాను.

1971వ సంవత్సరం. అమ్మకు నలభై ఒక్క ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. కలుపు తీసేటప్పుడు గొంతుక్కూర్చుంటే ఒకరు చెయ్యిస్తే తప్ప లేవలేకపోయేది. ఆ ఏడు శనక్కాయ పీకడం అయిపోయాక, డిసెంబరులో, నాయన ఆమెను బస్సెక్కించి పట్టణంలో పేరున్న ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన మోకాలు నొక్కి చూశాడు, తర్వాత నోరు తెరవమన్నాడు. చూసి, "విషమంతా ఇక్కడుంది. పళ్ళ మూలాల్లోని చీము రక్తంలో కలిసి కీళ్ళకు చేరుతోంది. అన్నీ తీసేస్తే మోకాళ్ళు వాటంతటవే కుదుటపడతాయి" అన్నాడు.

మా ఊళ్ళో అందరి పళ్ళూ గోధుమరంగు చారలవే. పెళ్ళిచూపుల్లో పిల్ల పెదవులు మూసుకుని నవ్విందంటే మా వైపు పిల్లేనని చెప్పేవాళ్ళు. అది నీళ్ళలోని ఫ్లోరైడ్ అని, ఆ చార పుచ్చు కాదని మాకు తెలియదు. ఆయనకు తెలిసి ఉండాల్సింది. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు పళ్ళనే కాదు, ఎముకలనూ కీళ్ళనూ పట్టేస్తున్నాయని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. అమ్మ నొప్పి ఆ నీళ్ళ వల్లేనని ఈ రోజు నేను ప్రమాణం చేసి చెప్పలేను, ఎవరూ పరీక్షించలేదు. కానీ నోట్లో కనిపించిన మరకకూ మోకాలి నొప్పికీ ఒకే బావి కారణమై ఉండవచ్చన్న ఆలోచనే అక్కడ రాలేదు.

నాలుగు విడతల్లో 27 పళ్ళు తీశారు. నాలుగో విడతకు నేను తోడు వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తాడిపత్రి బస్సు వెనక సీట్లో ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది.

అయ్యా, అసలు చిక్కు ఇక్కడుంది. అమ్మ మోకాళ్ళు తగ్గాయి! నిజంగానే తగ్గాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు నెలలూ హాయిగా నడిచింది. ఊరంతా చెప్పింది. ఆమె మాట మీదే మా పిన్ని, ఎదురింటి అవ్వ వెళ్ళి వాళ్ళ పళ్ళు కూడా తీయించుకున్నారు. వానలు పడి మళ్ళీ కలుపుకు కూర్చునే రోజులొచ్చాయి. నొప్పి కూడా వచ్చింది, ఇంకాస్త ఎక్కువగా. పిన్ని మోకాళ్ళయితే ఒక్కరోజు కూడా తగ్గలేదు. ఆమె అమ్మను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అననందుకే అమ్మ ఎక్కువ బాధపడింది.

డాక్టరు మోసగాడని నేను అనను. ఫీజు కూడా సగమే తీసుకున్నాడు. ఆయన నమ్మాడు. నమ్మకమే ఎక్కువ ప్రమాదం.

నేను రేకులకుంట పరిశోధన కేంద్రంలో వేరుశనగ మళ్ళ మధ్య 31 ఏళ్ళు పనిచేశాను. చేరిన కొత్తలో ఒక సంగతి నాకు వింతగా ఉండేది. టి.ఎం.వి-2 రకం పక్కన కొత్త రకం వేసి చూడాలంటే, మంచి నేల చూసి కొత్తది వేయనిచ్చేవారు కాదు. చేనును చిన్న చిన్న మళ్ళుగా కోసి, ఏ మడిలో ఏ రకమో చీటీ తీసినట్టు తేల్చేవారు. ఎందుకని అడిగితే మా అధికారి అన్నాడు: "గట్టు పక్క తేమ ఎక్కువ, మిట్టన గులకరాయి ఎక్కువ. నీకు నచ్చిన రకాన్ని నీకు తెలియకుండానే మంచి మడిలో వేస్తావు. చీటీకి ఇష్టాయిష్టాలు లేవు." ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే సైకిలు మీద తట్టింది. అమ్మకు మూడు నెలలు తగ్గింది పళ్ళు పోయినందుకా, పంట ఇంటికొచ్చి కూర్చున్నందుకా? పళ్ళు పీకించుకోకుండా ఊరికే కూర్చున్న ఆడమనిషి మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఎవరు చూశారు?

ఆ చీటీ పద్ధతికి శాస్త్రం కట్టినవాడు రోనాల్డ్ ఫిషర్. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1919లో చేరాడు. మన పక్క బళ్ళారి జిల్లా హడగలిలో 1920లో పుట్టిన గణాంకవేత్త సి.ఆర్. రావు గారు, మన దత్తమండలాల బిడ్డ, 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పుచ్చుకున్నది ఆ ఫిషర్ దగ్గరే. నూరేళ్ళు దాటి బతికి 2023లో వెళ్ళిపోయారు. ఆయన గురించి అరగంట మాట్లాడగలను, ఇప్పుడు వద్దు.

పొలం గట్టు మీది చీటీ ఆసుపత్రిలో ఏం తేల్చిందో ప్రకటించింది కూడా ఆ 1948లోనే. లండనులో ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకవేత్త ఉండేవాడు. కుర్రతనంలో తనే క్షయతో మంచం పట్టిన మనిషి. క్షయకు స్ట్రెప్టోమైసిన్ అనే మందు కొత్తగా వచ్చింది, కానీ అందరికీ చాలేటంత లేదు. 107 మంది రోగులు. ఎవరికి మందు, ఎవరికి మంచం మీద విశ్రాంతి మాత్రమే అన్నది మూసిన కవర్లలో ముందే రాసి పెట్టారు. ఆరు నెలలకు మందు వాడిన 55 మందిలో నలుగురు పోయారు, విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది పోయారు. ఇక వాదన లేదు. విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు ఇవాళ జరిపే పరీక్షలన్నీ ఆ కవరు పిల్లలే. ఒకే జబ్బుకు కోత మంచిదా, మందు మంచిదా, ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండటం మంచిదా అని పక్కపక్కన పెట్టి చూడటం. అంతే.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. ఈ చీటీ వేరు, అర్థమైంది. ఇంకొంచెం ఓపిక పట్టండి.

మా అమ్మ పళ్ళు పీకించిన సిద్ధాంతం ఉంది చూడండి, అది మన డాక్టరు కనిపెట్టింది కాదు. అమెరికాలో, ఐరోపాలో ఒకప్పుడు పెద్ద పెద్ద ఆచార్యులే చెప్పారు. న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో హెన్రీ కాటన్ అనే మానసిక వైద్యుడు, మనసు చెదిరిన వాళ్ళకు పళ్ళు పీకించాడు, టాన్సిళ్ళు తీయించాడు, అవీ చాలక పెద్దపేగు కోయించాడు. చాలామందికి నయమైందని చెప్పుకున్నాడు. 1922లో న్యూయార్కులో కోపెలాఫ్, చెనీ అనే ఇద్దరు, పీకిన వాళ్ళ పక్కన పీకని వాళ్ళను పెట్టి పోల్చి చూశారు. తేడా లేదు. కీళ్ళవాతం సంగతి 1938లో తేలింది. రసెల్ సెసిల్ అనే డాక్టరు, ఒకప్పుడు తనే ఆ సిద్ధాంతాన్ని నమ్మినవాడు, 200 మంది రోగుల వివరాలు ముందేసుకుని, పళ్ళూ టాన్సిళ్ళూ తీయించినందువల్ల కీళ్ళకు ఒరిగిందేమీ లేదని రాశాడు. తను నమ్మినదాన్ని తనే కాదని రాయడానికి ఎంత గుండె కావాలి! 1938కీ 1971కీ మధ్య 33 ఏళ్ళు. అమెరికా నుంచి సినిమాలు, సిగరెట్లు, గోధుమలు వచ్చాయి. ఆ ఒక్క కాగితం అనంతపురం చేరలేదు.

మోకాలి సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొకటి. అరిగిన మోకాలికి చిన్న రంధ్రం పెట్టి, గొట్టం దూర్చి లోపల గీకి కడిగే ఆపరేషను ఉంది. లక్షల మందికి చేశారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక వైద్య కళాశాల వాళ్ళు 180 మంది మాజీ సైనికులను తీసుకున్నారు, 2002లో ఫలితం ప్రకటించారు. కొందరికి నిజంగా గీకి కడిగారు, కొందరికి కడగడం మాత్రమే, కొందరికి ఉత్తుత్తి ఆపరేషను. అంటే చర్మం మీద సెంటీమీటరు గాట్లు మూడు పెట్టి, నీళ్ళ చప్పుడు వినిపించి, కుట్లు వేసి పంపేశారు. రెండేళ్ళు కనిపెట్టి చూశారు. మూడు గుంపుల నొప్పీ ఒకటే! మనిషికి కోత పడితే తగ్గిందనిపిస్తుంది. అమ్మకూ అనిపించి ఉంటుంది.

మీలో కొందరి ముఖాలు మారాయి. ఉత్తుత్తి కోతా, ఇది అన్యాయం కాదా అని. న్యాయమైన ప్రశ్న. ముందే వాళ్ళకు చెప్పారు, మీకు ఉత్తుత్తిది పడవచ్చునని ఒప్పుకున్నట్టు వాళ్ళచేతే రాయించుకున్నారు. 324 మందిని అడిగితే 144 మంది వద్దని వెళ్ళిపోయారు. వెళ్ళిపోగలిగారు, అది గమనించండి. మన దగ్గర ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పథకం నడిపారు. 2010లో ఆపేశారు. పార్లమెంటు సంఘం పరిశీలిస్తే, 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఆ పథకంలో ఉన్న కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, టీకాతో నాకు తగాదా లేదు. ఆ తల్లులను ఎవరూ అడగలేదు. మా అమ్మను అడిగారా? నాయనను అడిగారు.

ఇప్పుడు చట్టం ఉంది. 2009 జూన్ నుంచి మన దేశంలో కొత్త మందు పరీక్ష ఏది జరపాలన్నా ముందే జాతీయ జాబితాలో నమోదు చేయాలి. కొత్త మందుల పరీక్షకు 2019 నిబంధనలున్నాయి: నైతిక సంఘం అనుమతి, మనకు అర్థమయ్యే భాషలో అంగీకార పత్రం, హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం. ఎప్పుడైనా సరే, కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. కర్నూలు, కడప, అనంతపురం ఏ పెద్దాసుపత్రిలోనైనా మిమ్మల్ని ఒక పరీక్షలో చేరమని అడిగితే, ఎలుకలను చేస్తున్నారని లేచి పారిపోకండి. కూర్చుని చదివించుకోండి. చదవడం రాకపోతే మనవరాలిని పిలవండి.

ఎందుకు పారిపోవద్దంటున్నానంటే, ఆడవాళ్ళకోసం ఒకటి చెబుతాను. రొమ్ము క్యాన్సర్ వస్తే రొమ్ము మొత్తం, కింది కండరంతో సహా తీసేయడం ఎన్నో దశాబ్దాల ఆచారం. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్, ఈయన వేరే ఫిషర్, 1976లో పరీక్ష మొదలుపెట్టాడు. మొత్తం తీయడమా, గడ్డ వరకే తీయడమా, గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వడమా? తోటి సర్జన్లు ఆయనను తిట్టిపోశారు. 1,851 మంది స్త్రీలు. ఇరవై ఏళ్ళు కనిపెట్టి చూసి 2002లో ప్రకటిస్తే, బతికిన వాళ్ళ లెక్క మూడింట్లోనూ ఒకటే. అయితే గడ్డ మాత్రమే తీసినప్పుడు అదే రొమ్ములో నూటికి 39 మందికి మళ్ళీ వచ్చింది, రేడియేషన్ కూడా ఇస్తే 14 మందికి. అందుకే ఆ రెండూ కలిపి చేస్తున్నారు. ఎన్ని లక్షల మంది ఆడవాళ్ళ ఒళ్ళు దక్కిందో లెక్కపెట్టుకోండి. ఆ 1,851 మందీ చీటీకి ఒప్పుకున్నందువల్ల.

ఫలితం ఎప్పుడూ కోతకు వ్యతిరేకంగానే వస్తుందనుకోకండి. అపెండిసైటిస్‌కు ఆపరేషన్ బదులు యాంటీబయాటిక్ చాలునా అని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1,552 మందిలో చూశారు, 2020లో ప్రకటించారు. మందు వాడిన పదిమందిలో ఏడుగురికి మూడు నెలల దాకా కత్తి అవసరం రాలేదు, ముగ్గురికి వచ్చింది. లోపల గట్టి రాయిలాంటిది ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువగా వచ్చింది. ఇక్కడ ఒకే జవాబు లేదు, మీ పరిస్థితిని బట్టి మీరూ డాక్టరూ కూర్చుని తేల్చుకోవాలి.

డాక్టరమ్మా, పళ్ళ విషయం మరిచిపోలేదు. స్కాట్లండులో 132 మంది పిల్లల మీద జరిగిన పరీక్ష చదివి మురిసిపోయాను. పిప్పిపన్ను ఒక పక్క మామూలుగా నింపారు, అదే నోట్లో రెండో పక్క పుచ్చును తొలవకుండా, సూది లేకుండా, పైన ఉక్కు తొడుగు బిగించారు. ఒకే చేనులో రెండు మళ్ళు! తొడుగే మేలని తేలింది. చిగుళ్ళ సంగతీ అంతే. గర్భిణుల చిగుళ్ళు బాగుచేస్తే నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు తగ్గుతారని గట్టిగా అనుకునేవాళ్ళు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 823 మంది గర్భిణులతో చూశారు, 2006లో ఫలితం వచ్చింది. చిగుళ్ళు బాగుపడ్డాయి. నెలలు నిండని కాన్పులు మాత్రం రెండు గుంపుల్లోనూ నూటికి 12, 13 చొప్పున అలాగే ఉన్నాయి. చిగుళ్ళ కోసం చిగుళ్ళు బాగుచేయండి, కాన్పు కోసమని చెప్పకండి. పళ్ళ కోసం పళ్ళు పీకండి, మోకాళ్ళ కోసం...

క్షమించాలి. రెండో చీటీ కూడా వచ్చింది.

అమ్మ ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది. కట్టుడు పళ్ళు చేయించాను, చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయని పెట్టె మీద పెట్టేసింది. జొన్నరొట్టె మానేసింది, సంగటితో గడిపింది. నేను కేంద్రం నుంచి కొత్త రకం కాయలు తెస్తే వేయించి, రోట్లో దంచి, బెల్లం కలిపి, పిండిలా నోట్లో వేసుకునేది. "రుచి తెలుస్తోందిరా, కరకర తెలియడం లేదు" అనేది. కె-6 రకం 2005లో బయటికి వచ్చేసరికి ఆమె లేదు.

విద్యార్థులూ, మీరు రేపు చీటీ మీద ఏదైనా రాసేముందు, ఎవరైనా రోగి, చదువుకోని రోగి అయినా సరే, "దేనితో పోల్చి చూశారు?" అని అడిగితే కోపం తెచ్చుకోకండి. అడిగినవాడు నాలాంటివాడై ఉంటాడు.

నాకు కింది దవడలో ఒకటి కదులుతోంది. టోకెను నంబరు 14 ఇచ్చారు. ఇప్పుడు పదకొండో పదమూడో నడుస్తున్నట్టుంది, దిగుతాను.